సముద్రపు నాచు ఇంధనమా, మన చేని ఇంధనమా: అనంతపురం నుంచి చూస్తే ఎవరికి ఏది

ఈ మధ్య ఒకే నెలలో మూడు దిక్కుల నుంచి దాదాపు ఒకే ప్రశ్న వచ్చింది నాకు. మా మేనల్లుడు అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరు సంవత్సరం, "మామా, సముద్రంలో నాచు పెంచి దాంట్లోనుంచి ఇంధనం తీస్తారంట, దాని మీద పీహెచ్‌డీ చేస్తే బాగుంటుందా" అంటాడు. కళ్యాణదుర్గం పక్కన ఊర్లో ఉండే మా చిన్నాయన దగ్గరికి ఎవరో వచ్చి నేపియర్ గడ్డి వెయ్యండి, గ్యాస్ ఫ్యాక్టరీకి మేమే కొంటాం అని చెప్పిపోయినారు, ఆయన "ఏం చేద్దాం రా, నువ్వు ఇవన్నీ చదువుతావు కదా" అని ఫోన్. ఇంక ప్రొద్దుటూరులో మా బావకైతే సీవీడ్ రాఫ్టుల్లో, అంటే సముద్రపు నాచు పెంచే తెప్పల్లో, 3 లక్షలు పెడితే 45 రోజులకొకసారి లాభం, రేపు పెట్రోల్ అంతా దీంతోనే అని ఎవరో బాగా ఎక్కించినారు. ముగ్గురికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఒకచోట రాసి పెడితే ఇట్లాంటి ప్రశ్నే ఉన్న ఇంకో నలుగురికి కూడా పనికొస్తుందని కూర్చున్నా.

నా మనసు ఎటు మొగ్గుతుందో ముందే చెప్పేస్తా. సముద్రపు నాచు అంటే నాకు ఇష్టం. మన సీమవాళ్లకు ఎవరికైనా ఇష్టం పుడుతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అనుకునే జిల్లా మనది, అది కూడా పడాల్సినప్పుడు పడదు, 800 అడుగులు బోరు దింపి పైపులోనుంచి తెల్లటి దుమ్ము లేస్తుంటే లారీ పక్కన నిలబడి చూసినోళ్లం, అట్లాంటి మనకు "చుక్క మంచినీళ్లు వద్దు, సెంటు భూమి వద్దు, యూరియా బస్తా వద్దు, అయినా పంట వస్తుంది" అంటే అది మామూలు మాట కాదు. అందుకే ఏ ఇంధన పంట గురించి విన్నా నేను మొదట అడిగేది ధర కాదు, నీళ్లు ఎవరివి అని. ఆ ఒక్క ప్రశ్నకు సముద్రపు నాచంత శుభ్రమైన జవాబు ఇంకే పంటా ఇవ్వదు. కానీ ఇంధనంగా తీసుకోవాలంటే ఆ ఒక్క జవాబు చాలదు, మిగతా లెక్క కూడా చూడాల.

పోయిన ఏడు రామేశ్వరం పోయినప్పుడు దర్శనం అయినాక తిరుగు దారిలో మండపం అనే ఊరి దగ్గర ఆగినాం. అక్కడ ఒడ్డున చెట్ల నీడలో ఆడోళ్లు వరుసగా కూర్చుని నైలాన్ తాళ్లకు ఎర్రటి, ఆకుపచ్చటి నాచు తునకలు కడతా ఉన్నారు, మన దగ్గర కనకాంబరాలు కట్టినంత వేగంగా. కప్పాఫైకస్ అని ఆ రకం పేరు. వెదురు కట్టెలతో 3 మీటర్ల పొడుగు 3 మీటర్ల వెడల్పు చట్రం, దానికి ఈ తాళ్లు, చేపలు కింద నుంచి కొరుక్కుతినకుండా అడుగున వల, అంతే, దాన్ని లోతు తక్కువ నీళ్లలోకి తోసి లంగరు వేస్తారు. 45 రోజులకు తీస్తే ఒక రాఫ్టుకు 200 కిలోల పైన పచ్చి నాచు, అందులోనుంచే మళ్లీ విత్తనానికి కొంత పక్కన పెట్టుకుని మిగతాది ఇసుకలో పరిచి ఎండబెడతారు. తమిళం వచ్చిన ఆటో అన్నను పక్కన పెట్టుకుని ఒక అక్కను అడిగినా, వానాకాలంలో ఎట్ల అని. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య గాలి తిరిగితే సముద్రం ఒప్పుకోదు, రాఫ్టులు ఒడ్డుకు లాగేస్తాం, ఆ నెలల్లో వేరే కూలీ పని అని చెప్పింది. ఇంత చేసి ఆ ఎండు నాచు ఎక్కడికి పోతుంది అంటే క్యారజీనన్ అనే జిగురు తీసే ఫ్యాక్టరీలకు, ఐస్‌క్రీముల్లో టూత్‌పేస్టుల్లో చిక్కదనం కోసం వేస్తారు దాన్ని. పచ్చిగా పిండిన రసం పంటల మందుకు పోతుంది. ఇఫ్కో వాళ్ల సాగరిక తెలుసు కదా, మా చెనిక్కాయ చేనుకు కూడా పిచికారీ చేసినాం, అది నాచు రసమే. అంటే నాచు ఇప్పటికే అనంతపురం దాకా వచ్చింది, కాకపోతే ట్యాంకులో పోసే ఇంధనంగా కాదు, ఆకు మీద కొట్టే మందుగా. ఆ ఒడ్డున నేను చూసిన దాంట్లో ఇంధనానికి పోయేది ఒక్క తట్ట కూడా లేదు. బావా, నువ్వు ఈ సంగతి గుర్తు పెట్టుకో, దీని దగ్గరికి మళ్లీ వస్తా.

ఇంధనం ఎట్ల తీస్తారు అనేది అల్లుడి కోసం కొంచెం వివరంగా. మూడు దారులు ఉన్నాయి. ఒకటి గోబర్ గ్యాస్ మాదిరే గాలి తగలని ట్యాంకులో మురగబెట్టి మీథేన్ తీయడం, రెండోది పులియబెట్టి ఇథనాల్ చేయడం, మూడోది నాచును ఆరబెట్టకుండా తడిగానే 350 డిగ్రీల వేడి, దాదాపు 200 రెట్లు గాలి ఒత్తిడిలో ఉడికించి ముడిచమురు లాంటి నల్లటి ద్రవం తీయడం, పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకో. నాచులో ఉన్న మంచి గుణం ఏంటంటే చెట్ల కట్టెకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ దీంట్లో దాదాపు ఉండదు, అందుకే మెత్తగా, తొందరగా కుళ్లుతుంది. చెడ్డ గుణాలు ఏంటంటే పచ్చి నాచులో 85 నుంచి 90 శాతం నీళ్లే, ఆ నీళ్లు ఉప్పు నీళ్లు, గంధకం కూడా ఎక్కువ కాబట్టి గ్యాస్‌తో పాటు కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది పైపుల్ని ఇంజన్లని తినేస్తుంది. ఇథనాల్ దారిలో ఇంకో చిక్కు. గోధుమ రంగు నాచుల్లో ఆల్జినేట్ అనే చక్కెర చానా ఉంటుంది, మామూలు ఈస్ట్ దాన్ని ముట్టుకోదు. 2012లో అమెరికాలో శాస్త్రవేత్తలు ఒక బ్యాక్టీరియా జన్యువులు మార్చి ఆల్జినేట్‌ను నేరుగా ఇథనాల్ చేయించినారు, సైన్స్ పత్రికలో వచ్చింది, అప్పట్లో పెద్ద వార్త. మన దగ్గర భావనగర్‌లో ఉండే కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ వాళ్లు కూడా కప్పాఫైకస్ నుంచి ముందు రసం పిండుకుని, మిగిలిన పిప్పితో ఇథనాల్ తీయొచ్చని చేసి చూపించినారు. ఈ వరుస గమనించు, ముందు ఖరీదైన రసం, తర్వాత జిగురు, ఆఖరుకు మిగిలిన దాంతో ఇంధనం.

ఇప్పుడు నాకు కళ్లు తెరిపించిన లెక్క. ఇది నేను కాగితం మీద వేసుకున్న మోటు లెక్క, అటూ ఇటూ ఉంటుంది కానీ తల్లకిందులు కాదు. ఒక టన్ను పచ్చి నాచు తీసుకుంటే దాంట్లో ఎండు సరుకు 120 కిలోలు అనుకుందాం, అందులో ఉప్పు బూడిద పోతే కుళ్లే పదార్థం 70 కిలోలు, దాంట్లోనుంచి మీథేన్ 15 నుంచి 18 ఘనపు మీటర్లు. వంటగ్యాస్ లెక్కలోకి మారిస్తే 12, 13 కిలోలు, అంటే ఒక సిలిండర్ కూడా నిండదు. టన్ను నాచు, ఐదు రాఫ్టుల పంట, ఐదు రాఫ్టులకు 45 రోజుల కాపలా, తీస్తే ఒక సిలిండర్. అదే టన్నును ఎండబెడితే 100 కిలోలకు తక్కువ రాదు, కిలో 30 రూపాయలే అని తక్కువలో తక్కువ వేసుకున్నా 3,000. ఏ అక్కైనా ఏ అన్నైనా దాన్ని 900 రూపాయల గ్యాస్ కోసం ట్యాంకులో వేస్తారా? వెయ్యరు. తినడానికో జిగురుకో మందుకో అమ్ముకుంటారు.

పక్కనే ఆవు పేడ లెక్క పెట్టి చూడండి. కిలో పేడకు 40 లీటర్ల గ్యాస్ అని పాత లెక్క, టన్నుకు 40 ఘనపు మీటర్లు, వంటగ్యాస్‌లోకి మారిస్తే 17 కిలోలు. అంటే మన కొట్టంలో పొద్దున్నే ఎత్తిపోసే పేడ, టన్నుకు టన్ను, సముద్రం నుంచి తెచ్చిన నాచు కంటే ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. నేను రెండు మూడు సార్లు తిరగేసి వేసుకున్నా ఈ లెక్క, నమ్మబుద్ధి కాలేదు. ఇంకోటి. ప్రపంచమంతా ఏడాదికి పండించే నాచు పచ్చి తూకంలో సుమారు 3.5 కోట్ల టన్నులు, దాదాపు అంతా చైనా, ఇండోనేషియా, కొరియా లాంటి ఆసియా దేశాల్లోనే, ఎక్కువ భాగం తిండికి, జిగుర్లకు. అదంతా ఒక్క ఆకు మిగల్చకుండా గ్యాస్ చేసినా నాలుగు లక్షల టన్నుల చిల్లర వంటగ్యాస్‌కు సమానం, మన దేశం ఏడాదికి వాడేది 3 కోట్ల టన్నులు, వారం రోజులకు కూడా రాదు. అందుకే ఒడ్డు దగ్గర రాఫ్టులతో ఇంధనం అనేది కుదిరే పని కాదు, ఇంధనం అనాలంటే నడి సముద్రంలో వేల ఎకరాల్లో యంత్రాలతో పెంచాల.

నడి సముద్రం అనగానే కథ ఇంకోలా ఉంటుంది. 1973లో ఆయిల్ సంక్షోభం వచ్చినప్పుడు అమెరికావాళ్లు సరిగ్గా ఇదే ఆలోచన చేసినారు, కాలిఫోర్నియా తీరానికి దూరంగా జెయింట్ కెల్ప్ అనే పెద్ద రకం నాచు పెంచి గ్యాస్ తీద్దామని. ఆ కెల్ప్ అనుకూలంగా ఉంటే రోజుకు రెండడుగుల దాకా పెరుగుతుంది, మన నేపియర్ కూడా దాని ముందు నిలబడదు. 1970ల చివర్లో ప్రయోగం కోసం వేసిన చిన్న తోటను అలలు, ప్రవాహాలు చెదరగొట్టేసినాయి, 80ల్లో ఆయిల్ ధర పడిపోయేసరికి ఆ కార్యక్రమమే మూతపడింది. మళ్లీ 2017లో అమెరికా ఇంధన శాఖ మ్యారినర్ అని కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది, దాంట్లో ఒక ముచ్చటైన ప్రయోగం కేటలీనా దీవి దగ్గర చేసినారు. నడి సముద్రంలో పైన ఎండ ఉంటుంది కానీ పోషకాలు ఉండవు, పోషకాలు అడుగున ఉంటాయి, అక్కడ ఎండ ఉండదు. దానికి వాళ్లు కెల్ప్‌ను పగలు పైకి, రాత్రి 80 మీటర్ల లోతుకు దించే లిఫ్ట్ లాంటిది చేసినారు, పగలు ఎండ తాగి రాత్రి కింద ఎరువు తిని వస్తుందన్నమాట. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం అట్ల దించి ఎత్తిన కెల్ప్ మామూలుగా పెరిగిన దానికంటే నాలుగు రెట్లు ఎక్కువ దిగుబడి ఇచ్చింది. ఇది చదివిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది, ఎవరో మనుషులు కూర్చుని సముద్రంలో బోరు నీళ్ల సమస్యకు జవాబు కనుక్కున్నట్టు అనిపించింది. కాకపోతే కెల్ప్ చల్లటి నీళ్ల పంట, మన బంగాళాఖాతంలో బతకదు. మనకు కప్పాఫైకస్, గ్రాసిలేరియా, సర్గాసం లాంటివే. ఆంధ్రా తీరం కూడా మండపం మాదిరి మూల తిరిగి గాలికి చాటుగా ఉండదు, తిన్నగా తెరిచి ఉంటుంది, పైగా తుఫాన్లు.

బెంగళూరులో సీ సిక్స్ ఎనర్జీ అని ఒక కంపెనీ ఉంది, 2010లో మద్రాస్ ఐఐటీ దగ్గర మొదలైంది, పేరులోనే ఎనర్జీ ఉంది చూడండి, నాచు నుంచి ఇంధనం అనేదే వాళ్ల మొదటి మాట. 2012లో నోవోజైమ్స్ అనే పెద్ద ఎంజైముల కంపెనీతో ఇథనాల్ కోసం ఒప్పందం కూడా చేసుకున్నారు. సముద్రంలో నాటడం, కోయడం రెండూ చేసే యంత్రం తయారుచేసినారు, ఇండోనేషియాలో లాంబాక్ దగ్గర చదరపు కిలోమీటరు తోట పెట్టినారు. ఈ పొద్దు వాళ్లకు దుడ్లు వచ్చేది మాత్రం పంటల మందుల నుంచి. దీన్ని నేను ఓటమి అనను, ముందు అమ్ముడుపోయేది అమ్మి నిలబడి, పెంచే ఖర్చు తగ్గించుకుంటూ పోతే ఒకరోజు ఇంధనం దాకా రావచ్చు, నడిచే దారి అదే. కానీ ఈ పొద్దు ఎవరైనా నాచు ఇంధనం పేరు చెప్పి నీ దగ్గర దుడ్లు అడిగితే, ఆ రంగంలో అందరికంటే ముందున్నోళ్లే ఇంధనం అమ్మి బతకడం లేదని తెలిసి ఉండాల.

ఇంక మన నేల మీదికి వస్తా.

అడవి ఆముదం, అదే జత్రోఫా, దాని గురించి ఒక్క పేరా చాలు, చెప్పకపోతే మాత్రం తప్పు. 2003 తర్వాత దేశమంతా డీజిల్ చెట్టు అని ఊదరగొట్టినారు, 2009 బయోఫ్యూయల్ పాలసీలో 2017 కల్లా 20 శాతం అని కూడా రాసినారు. మా నాయన కూడా 2 ఎకరాలు వేసినాడు, గింజలు మేమే కొంటాం అని సంతకాలు పెట్టించుకున్న కంపెనీ మూడో ఏడు నుంచి ఫోన్ ఎత్తలేదు. నీళ్లు లేకున్నా చెట్టు చావదు, అది నిజమే, కానీ చావకపోవడం వేరు, కాయడం వేరు, నీళ్లు లేకుంటే గింజ రాదు, వచ్చినా ఒకేసారి పండదు, మనిషి రోజూ తిరిగి ఏరాల, పశువు తినదు, విషం. ఆ చెట్లు పీకడానికి జేసీబీకి అయిన ఖర్చు నాయన చానా రోజులు చెప్పుకుని బాధపడినాడు. కానుగ మాత్రం గట్టు మీద రెండు మూడు చెట్లు ఉంటే మంచిదే, నీడ, చెక్క ఎరువు, నూనె, అది మనకు ఎప్పటి నుంచో తెలిసిన చెట్టు, దాన్ని ఎకరాలకెకరాలు వేసి లెక్క రావాలనుకుంటే పదేళ్లు ఓపిక కావాల.

మొక్కజొన్న ఇథనాల్ కర్నూలు, నంద్యాల నల్లరేగళ్ల వాళ్లకు పనికొచ్చే మాట. టన్ను మొక్కజొన్నకు 380 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది, మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోతుంది. పెట్రోల్‌లో 20 శాతం కలపడం 2025లో చేరుకున్నాం కాబట్టి కొనేవాళ్లు ఉన్నారు, రైతుకు మేలే. కానీ అదే గింజ కోళ్లకూ కావాల, 2024లో మన దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకునే దాకా వచ్చింది. వేసే రైతు ఫ్యాక్టరీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండు మార్కెట్లూ చూసుకుని అమ్ముకుంటే ఇబ్బంది లేదు. అనంతపురం ఎర్ర నేలల్లో వాన మీద మొక్కజొన్న వేసి ఇథనాల్ కలలు కనొద్దు.

నేపియర్ దగ్గర ఎక్కువసేపు ఆగాల, ఇప్పుడు ఊర్లలో తిరుగుతున్నది అదే కాబట్టి. అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర రిలయన్స్ వాళ్ల కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసినారు, రాష్ట్రంలో ఇట్లాంటివి 500 అని చెప్పినారు, బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాస్ తీయడం. గడ్డి మంచిదే. ఒకసారి కణుపులు నాటితే మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత నెలా పదిహేను రోజులకొకటి, నాలుగైదేళ్లు తిరిగి నాటే పని లేదు, నీళ్లు ఎరువు బాగా ఇస్తే ఎకరాకు ఏడాదికి నూరు టన్నుల పైన కోసినోళ్లు ఉన్నారు. నీళ్లు ఇస్తే అన్న చోట ఆగండి. ఇది కరువు పంట కాదు చిన్నాయనా, వారం పది రోజులకొక తడి కావాల, ఎండాకాలం మరీను, కరువుకు తట్టుకునే బీడు గడ్డి అనుకుని నీ 6 ఎకరాల మెట్టలో వేస్తే మొదటి మార్చికే ఎండి నిలబడుతుంది. హంద్రీనీవా కాలువ కింద ఊట బావి ఉన్నోళ్లకు ఒక లెక్క, నీ మాదిరి రెండించుల బోరు ఉన్నోళ్లకు ఇంకో లెక్క. ఇంకా ఏమేమి అడగాలంటే, కోత కూలి ఎవరిది, ఫ్యాక్టరీకి తోలే బాడుగ ఎవరిది (పచ్చి గడ్డి అంటే సగానికి పైన నీళ్లు తోలుతున్నట్టే, 20, 30 కిలోమీటర్లు దాటితే ట్రాక్టర్ డీజిల్‌కే చాలదు), కొనే ధర టన్నుకు ఎంత అని కాగితం మీద ఉందా, ఫ్యాక్టరీ ఆలస్యమైతే మొదటి రెండేళ్ల గడ్డి ఎవరు కొంటారు. ఈ ఆఖరు ప్రశ్నకు మాత్రం నీ దగ్గరే జవాబు ఉంది, ఎవరూ కొనకపోతే మన ఎనుములు తింటాయి, జత్రోఫాకు దీనికి ఉన్న పెద్ద తేడా అదే. భూమి కౌలుకు అడిగితే ఆ లెక్క వేరు, నీళ్ల బాధ వాళ్లది, కౌలు ముందుగా చేతికి వస్తుందంటే మెట్ట భూమి ఇవ్వడం నాకు తప్పు అనిపించదు, కాకపోతే కొత్త బోర్లు ఎన్ని వేస్తారు, ఊరి బోర్లు ఏమవుతాయి అని ఊరంతా కూర్చుని అడగాల, ఒక్కడు అడిగితే సరిపోదు.

గోబర్ గ్యాస్ గురించి చెప్తే చానామంది "అదా, పాతది" అని మొహం తిప్పుకుంటారు. దాని మీద నాకు కోపం కూడా వస్తుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు, నాలుగైదు పశువులున్న ఇంటికి సరిపోయే సైజు, ఐదారుగురి వంట అయిపోతుంది. కాగితం మీద లెక్క నెలకు దాదాపు రెండు సిలిండర్లు, చలికాలం తగ్గుతుంది కాబట్టి సరాసరి ఒకటిన్నర అనుకో. నీళ్లు అంటావా, కొట్టం కడిగిన నీళ్లే. బయటికొచ్చే స్లర్రీ అట్లనే చేనికి పారించొచ్చు, పేడలో ఉన్న నత్రజని ఎక్కడికీ పోదు, కలుపు విత్తనాలు కూడా చానా మటుకు చస్తాయి. మన హిందూపురం దాటి కొడికొండ చెక్‌పోస్టు అవతల బాగేపల్లి చుట్టుపక్కల 5,500 ఇళ్లకు ఇట్ల 2 ఘనపు మీటర్ల ప్లాంట్లు కట్టించి, కట్టెలు తగలబెట్టనందుకు కార్బన్ క్రెడిట్లు కూడా తెచ్చుకున్నారు అక్కడి కూలీ సంఘం వాళ్లు. అది మన మాదిరి ఎండు నేలే. పాత డ్రమ్ము మోడల్ తుప్పు పట్టి పోయేది, దాన్ని చూసి భయపడినోళ్లు దీనబంధు మోడల్ చూడండి, భూమిలో ఇటుక డోము, కదిలే భాగం ఉండదు, మేస్త్రీకి పని వస్తే పాతికేళ్లు చూసుకోనక్కర్లేదు, రాకుంటే మొదటి నెలలోనే లీకు. మొత్తం గుట్టు మేస్త్రీ దగ్గరే ఉంది.

సోలార్‌ను ఇంధనం అనకూడదేమో కానీ ఎకరా లెక్కలో అది లేకుండా పోలిక పూర్తి కాదు. ఏ మొక్కైనా, నాచు అయినా నేపియర్ అయినా, మీద పడిన ఎండలో ఒకటి రెండు శాతం కూడా దాచుకోదు, ఇప్పటి ప్యానెల్ 20 శాతం పట్టుకుంటుంది. ఓర్వకల్లు దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017లో మొదలైంది, ప్యానెళ్లు కడగడానికి తప్ప నీళ్లు వద్దు. ఇంటి మీద 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తుంది. ఎండ తప్ప ఇంకేమీ లేని నేలకు నా మొదటి ఓటు ఎప్పుడూ సోలార్‌కే. మరి అట్లయితే నాచు ఎందుకు అంటే, ఓడ, విమానం కరెంటుతో దూరాలు పోలేవు, వాటికి ద్రవ ఇంధనం కావాల, దాన్ని చెనిక్కాయ నూనెతోనో తిండిగింజలతోనో చేస్తే మన పళ్లెంలోనుంచి తీసినట్టు. సముద్రంలోనుంచి తీస్తే ఎవరి పళ్లెంలోనుంచీ తీసినట్టు కాదు. నాచు మీద నా ఆశ అక్కడ ఉంది.

కాబట్టి అల్లుడా, నీకైతే పో అంటా, ధైర్యంగా పో. నీ దగ్గర పెట్టుబడి లేదు, పాతికేళ్ల వయసు ఉంది, ఇట్లాంటి ఆలస్యంగా పండే పనికి కావాల్సింది అదే. సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్, తెచ్చుకుంటే భావనగర్ సంస్థ ఉంది, దాని కేంద్రం మండపంలోనే ఉంది, కొచ్చి సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ల కేంద్రం కూడా అక్కడే. కానీ నాచు పెంచడం మీద కంటే నాచును కుళ్లబెట్టే, పులియబెట్టే వైపు టాపిక్ పట్టుకో, ఎంజైములు, ఉప్పు తట్టుకునే బ్యాక్టీరియా, నాచులో నత్రజని ఎక్కువ కాబట్టి దాన్ని వరిగడ్డితోనో చెనిక్కాయ పొట్టుతోనో కలిపి గ్యాస్ పెంచడం, ఇట్లాంటివి. ఎందుకంటే రేపు నాచు ఇంధనం రాకపోయినా అదే చదువుతో నేపియర్ గ్యాస్ ప్లాంటులో, ఇథనాల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉంటుంది. ఇంకొక మాట, పరాయి రకం నాచును కొత్త చోట పెట్టేటప్పుడు ఏమవుతుందో కూడా చదువు, మండపం దగ్గరి కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ పగడాల మీదికి పాకి కప్పేసిందని 2008లోనే శాస్త్రవేత్తలు రాసినారు, పంట మంచిదైనంత మాత్రాన అంతా మంచే జరగదు.

బావా, నువ్వు ఆ 3 లక్షలు పెట్టొద్దు. రాఫ్టుల పని తప్పుడు పని అని కాదు, కేంద్రం 2020 మత్స్య సంపద పథకంలో నాచు కోసం 640 కోట్లు పెట్టింది, రామనాథపురం జిల్లాలో 127 కోట్ల చిల్లరతో సీవీడ్ పార్కు అంటున్నారు, నిజమైన పనే. కానీ అది సముద్రం పక్కన ఉండి పొద్దున్నే నీళ్లలోకి దిగే వాళ్ల పని, గాలి తిరిగిన రోజు రాఫ్టు లాగే చేతులు వాళ్లవి. ప్రొద్దుటూరులో కూర్చుని నీ రాఫ్టు ఉందో కొట్టుకుపోయిందో నీకెట్ల తెలుస్తుంది. 2013 తర్వాత నీళ్లు వేడెక్కి అక్కడ తోటలకు తోటలు చచ్చిపోయిన కాలం ఉంది, వాళ్లు మళ్లీ విత్తనం పెంచుకుని నిలబడినారు, దుడ్లు పెట్టి ఇంట్లో కూర్చున్నోడు నిలబడలేడు. ఆ వచ్చిన మనిషిని మూడే మూడు అడుగు. పోయిన ఏడు ఎంత ఎండు నాచు ఎవరికి అమ్మినావు, బిల్లు చూపించు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా లాభం ఎట్ల ఇస్తావు. ఇంధనం కింద ఒక్క కిలో అయినా ఎవరైనా కొన్నారా. ఈమూ కోళ్లు పెంచితే లాభాలే అని తిరిగినప్పుడు మన వీధిలో ఎవరూ ఇట్లాంటి ప్రశ్న అడగలేదు, కొనేవాడు ఎవడు అని ఒక్కరూ అడగలేదు. 3 లక్షలు చేతిలో ఉంటే ముందు మిద్దె మీద సోలార్ పెట్టు, మిగిలింది అక్క పేరున బ్యాంకులో వెయ్యి.

చిన్నాయనా, నీకు నేపియర్ అర ఎకరా, అది కూడా బోరు పక్కన కయ్యలో, నీ ఎనుముల మేపుకు అని వెయ్యి. ఫ్యాక్టరీ నిజంగా లేచి, 20 కిలోమీటర్ల లోపల ఉండి, ధర కాగితం మీద పెడితే అప్పుడు పెంచుకోవచ్చు, కణుపులు నీ చేనులోనే ఉంటాయి కాబట్టి విత్తనం కొనే పని కూడా ఉండదు. మెట్టంతా ఇప్పుడే రాసి ఇవ్వొద్దు. గ్యాస్ కావాలంటే కొట్టంలోనే ఉంది. ఐదు ఎనుములు, రెండు ఆవులు, పిన్నమ్మ ఇంకా నెలకొక సిలిండర్ కోసం మండలం దాకా పంపిస్తా ఉంది. పేడ రోజుకు ఎంత వస్తుందో వారం రోజులు తట్ట తూకమేసి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టు, మేతకు తోలిన రోజు ఎంత, కొట్టంలో కట్టేసిన రోజు ఎంత, రెండూ. గుత్తి వైపు దీనబంధు డోములు కట్టిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడని విన్నా, ఆయన కట్టినవి రెండు ఇళ్లలో చూసి, పదేళ్లు దాటింది ఒకటైనా మండుతూ ఉంటే ఆయన్నే పిలుచుకొస్తా. అమావాస్య దాటినాక ఆదివారం వస్తా, గుంత ఎక్కడ తీయాలో పిన్నమ్మనే చూపించమను, వంటింటికి పైపు దగ్గరగా ఉండాల.